చల్లటి అద్దం, వెచ్చటి ఇల్లు

ఈమధ్య ఒకరోజు, నేను పనిచేసిన కళ్ళద్దాల దుకాణానికి ఊరికే చూసి వద్దామని వెళ్ళాను. కొత్తగా చేరిన మౌనిక అనే అమ్మాయి కౌంటర్లో ఉంది. ఒకాయన చష్మా తీసి ఆమె ముందు పెట్టి, "మేడం, దీని మీద ఊకే ఆవిరి పడ్తుంది" అన్నాడు. మౌనిక ఆయన మొహం వంక కూడా చూడలేదు. "యాంటీ ఫాగ్ కోటింగ్ ఉంటుందండి, తీసుకోండి" అని రేట్ల కాగితం ముందుకు జరిపింది.

నాకు నోరు ఊరుకోదు. ఆయన వెళ్ళాక, "ఎప్పుడు పడ్తుందో అడిగినవా బిడ్డా?" అన్నాను.

"ఎప్పుడు పడితే ఏంటి ఆంటీ? ఆవిరి ఆవిరే కదా" అంది.

చదువుకున్న పిల్ల. కంటి లోపలి పొరల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. తప్పు ఆమెది కాదు, కాలేజీలో ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు చదివితే సంతోషం. చదవకపోతే దుకాణానికి వచ్చే మీ గిరాకీలే మీకు నేర్పుతారు, కాకపోతే వాళ్ళు కాస్త గట్టిగా నేర్పుతారు.

నా పని

మాది సిరిసిల్ల. మగ్గాల ఇల్లు. పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చాను. మా ఆయన అమీర్‌పేటలో బట్టలు కుడతాడు. ఆ కొట్టుకు దగ్గరలోనే, పంజాగుట్ట వైపు పోయే రోడ్డు మీద ఉన్న కళ్ళద్దాల దుకాణంలో నేను రసీదులు రాయడానికి చేరాను. చేరినప్పుడు నాకు ప్లస్సుకూ మైనస్సుకూ తేడా తెలియదు. చూస్తూ చూస్తూ ఫిట్టింగ్ నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా అదే నా పని.

పవర్ రాసేది డాక్టరు. అద్దం కోసేది మిషను. వాళ్ళిద్దరూ సరిగ్గా చేసినా, ఆ చష్మా మనిషి ముక్కు మీద సరిగ్గా కూర్చోకపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే. ముక్కు మీద కూర్చోబెట్టడం నా పని. కాడలు కొంచెం వంచడం, ముక్కు దగ్గరి ప్యాడ్లు కొంచెం తెరవడం, మళ్ళీ పెట్టి చూడడం. చూసేవాళ్ళకు ఇది పనిలాగే కనిపించదు. ఏళ్ళ తరబడి ఎంతమంది ముక్కులు పట్టుకున్నానో! మా ఆయన నన్ను ఆటపట్టించేవాడు: "ఊళ్ళె అందరి ముక్కులు నీ చేతులనే ఉన్నయి, నా ముక్కుకే నీకు టైం లేదు."

దుకాణం యజమానిని అందరం సేటు అనేవాళ్ళం. కోపిష్టి. నచ్చకపోతే గిరాకీ ముందే మమ్మల్ని కడిగేసేవాడు. అమ్మకం అంటే ప్రాణం. కానీ ఒక్క మాట మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "సుగుణమ్మా, గిరాకి చెప్పేది విను. కాని గిరాకి ఏం చేస్తుండో అది చూడు." ఈ మాట వందసార్లు చెప్పి, తనే వందసార్లు మర్చిపోయేవాడు. అది వేరే సంగతి.

ఆవిరి ఎక్కడి నుంచి వస్తుంది

అన్నం కుండ మీది మూత తీస్తే లోపలి వైపు నీళ్ళు కారుతుంటాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసాకు బయట చెమటలు పడతాయి. చష్మా మీద ఆవిరి కూడా అంతే. తడి ఉన్న వెచ్చటి గాలి చల్లటి అద్దాన్ని తాకితే సన్నటి నీటి చుక్కలై అతుక్కుంటుంది. ఇంతకు మించి శాస్త్రం నాకు రాదు, మీకు అవసరమూ పడదు.

అవసరమైంది ఇంకొకటి ఉంది. ఆ వెచ్చటి గాలి ఎవరిది? మనిషి ఊపిరిదైతే ఆవిరి అద్దం లోపలి వైపు, కింద ముక్కు పక్క నుంచి మొదలై పైకి పాకుతుంది. ఊపిరి విడిచినప్పుడల్లా వస్తుంది, పీల్చినప్పుడు కొంచెం తగ్గుతుంది. గదిదైతే, అంటే చల్లటి అద్దంతో మనిషి వెచ్చటి చోటికి వచ్చి ఉంటే, రెండు వైపులా ఒక్కసారే తెల్లగా కమ్ముకుంటుంది. గిరాకీ ఈ తేడా చెప్పడు. చెప్పాలని కూడా తెలియదు. "ఆవిరి" అంటాడు, అంతే. వేలితో అద్దం బయటి వైపు గీయమనండి. గీత పడితే అది ఒట్టి ఊపిరి పని కాదు.

అమీర్‌పేటలో కోచింగ్ పిల్లలు వానాకాలమంతా మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఏసీ క్లాసులో గడ్డకట్టేలా కూర్చుని, మెట్లు దిగి వీధిలోకి రాగానే చష్మా తెల్లబడుతుంది. "కోటింగ్ ఖరాబైంది మేడం" అని గొడవ. కోటింగ్‌కు ఏమీ కాలేదు. గుమ్మం దగ్గర కాసేపు నిలబడితే అద్దం వేడెక్కి అదే పోతుంది. దీనికి కొత్త అద్దాలు వేయించుకోమని చెప్పేది దుకాణదారు కాదు, దొంగ. ఇది నా అభిప్రాయం, ఎవరికి కోపం వచ్చినా సరే.

సీసా మందులు

స్ప్రేలు పనిచేస్తాయా అని మీరు అడుగుతారు. పనిచేస్తాయి, కొంతసేపు. అద్దం మీద పలచటి పొర ఏర్పడితే నీళ్ళు చుక్కలుగా నిలవకుండా పరుచుకుంటాయి, చూపు అడ్డు పడదు. గిన్నెలు తోమే లిక్విడ్ సోప్ ఒక్క చుక్క వేసి, అద్దం కడిగి, పూర్తిగా జాడించకుండా మెత్తటి నూలు గుడ్డతో తుడిచినా దాదాపు అదే పని జరుగుతుంది. ఇది చెప్పినందుకు సేటు నన్ను ఒక పూట తిట్టాడు. ఆయన స్ప్రే సీసాలు డబ్బాలకొద్దీ తెప్పించి ఉన్నాడు మరి.

టూత్‌పేస్టు రుద్దేవాళ్ళు ఉన్నారు. దాంట్లో ఉండే గరుకు అద్దాన్ని గీరేస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆవిరి పోవాలని రుద్దితే చూపే మసకబారుతుంది. వేడినీళ్ళు కూడా వద్దు, కోటింగ్ పెచ్చులు లేస్తుంది. ఈత కొట్టే పిల్లల గాగుల్స్‌కు లోపల ముందే ఒక పొర వేసి వస్తుంది. పిల్లలు మొదటిరోజే వేలు పెట్టి దాన్ని రుద్ది తీసేస్తారు, తర్వాత తల్లులు వచ్చి మా మీద పడతారు. లోపల వేలు పెట్టొద్దు, మంచినీళ్ళతో జాడించి నీడలో ఆరబెట్టండి అని అమ్మేటప్పుడే చెప్పండి. తర్వాత చెబితే సాకు అంటారు.

సేటు వంటింటికి పోయిన రోజు

పంజాగుట్టలో ఒక హోటల్ బిర్యానీ మాస్టర్ మా పాత గిరాకీ. దమ్ము విప్పినప్పుడల్లా చష్మా తెల్లబడి ఏమీ కనపడటం లేదని వచ్చాడు. సేటు స్ప్రే అమ్మాడు. మళ్ళీ వచ్చాడు. ఇంకో రకం స్ప్రే అమ్మాడు. మూడోసారి వచ్చినప్పుడు సేటుకు రోషం పొడుచుకొచ్చి, ఆయన వెంటే హోటల్ వంటింటికి పోయాడు.

తిరిగొచ్చినప్పుడు సేటు సొంత చష్మా చేతిలో ఉంది, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది.

"ఏమైంది సార్?" అన్నాను.

"ఏమైతది? గంత పెద్ద దేగ్, గంగాళమంత. మొహం మూత మీదనే పెట్టి తీస్తుండు. గా ఆవిరికి ఏ మందు ఆగుతది సుగుణమ్మా? మూత అవతలి దిక్కు నుంచి లేపమన్న. చష్మాకు తాడు కట్టి మెడల ఏసుకొమ్మన్న. గంతే. సీసాల పైసలు వాపస్ ఇచ్చెయ్."

సేటు నోటి నుంచి వాపస్ అన్న మాట నేను విన్నది అప్పుడే. కొన్ని ఆవిర్లకు మన దగ్గర మందు లేదు. లేదని చెప్పడం కూడా మన పనిలో భాగమే. ఈ పాఠం ఆయనే స్వయంగా చెమటోడ్చి నేర్చుకొచ్చాడు కాబట్టి, ఆ తర్వాత నేను "దీనికి ఏం లేదు సార్, పద్ధతి మార్చుకోండి" అని గిరాకీలకు చెప్పినా ఆయన కళ్ళురిమి చూడలేదు.

పరదా వెనక

మా దుకాణంలో ఒక మూల పరదా ఉండేది. బుర్ఖా వేసుకునే ఆడవాళ్ళు ఆ వెనక కూర్చునేవాళ్ళు. ఆడమనిషిని నేనే కాబట్టి వాళ్ళకు కొలతలు తీసేది, ఫిట్టింగ్ చేసేది నేనే. ముఖం మీది నఖాబ్ తీసి, చష్మా పెట్టి, అద్దంలో చూపించి, "బాగుందా?" అంటే "అచ్ఛా హై" అని సంతోషంగా వెళ్ళేవాళ్ళు. ఆ వారంలోనే తిరిగొచ్చేవాళ్ళు. ఆవిరి.

మా పనిలో అందరూ చేసే పొరపాటు ఇది. బోసి ముఖానికి ఫిట్ చేస్తాం. వాళ్ళేమో నఖాబ్ కట్టుకుని దాని మీద పెట్టుకుంటారు. ముక్కు దగ్గర గుడ్డ మందం చేరుతుంది, చెవుల వెనక నాడాలు చేరతాయి. మనం మిల్లీమీటర్ లెక్కన సరిచేసిన ఫిట్టింగ్ కాస్తా గోవిందా. ఊపిరి ముందుకు పోవడానికి దారి లేక, ముక్కు పక్క సందులోంచి పైకి లేచి అద్దానికి కొడుతుంది.

నేను మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, గుడ్డ పట్టుకుంటే దాని సంగతి చేతికి తెలుస్తుంది. ఆ నఖాబ్ గుడ్డ చాలావరకు సిల్కులాంటి నైలాను, మూడు మడతలు. దాంట్లోంచి గాలి ఎలా పోతుంది? అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పవర్ చూసేటప్పుడు నఖాబ్ తీయాలి. ఫిట్టింగ్ చేసేటప్పుడు రోజూ కట్టుకున్నట్టే కట్టుకోవాలి. ప్యాడ్లు గుడ్డ మందానికి సరిపడా తెరిచి, అద్దం చెంపలకు ఆనకుండా కొంచెం ముందుకు జరిపేదాన్ని. కావాలన్నవాళ్ళను మా ఆయన కొట్టుకు పంపితే, నఖాబ్ పై అంచులో సన్నటి వంగే తీగ పెట్టి, కింద మడత పలచటి నూలుతో కుట్టిచ్చేవాడు. తీగను ముక్కుకు ఆనించి నొక్కితే పై సందు మూసుకుంటుంది. ఇప్పుడు ప్రతి మాస్కుకూ ఆ తీగ ఉంటుంది. అప్పట్లో దర్జీలు దాన్ని చూసి నవ్వేవాళ్ళు.

షాహీన్

ఒక చలికాలం షాహీన్ వచ్చింది. ఎర్రగడ్డలో ఉంటుంది. పంజాగుట్టలో ఒక రక్తపరీక్షల సెంటర్లో పని. పొద్దున్నే స్కూటీ మీద ఇళ్ళిళ్ళకూ తిరిగి, పరగడుపున ఉన్నవాళ్ళ రక్తం తీసి తెచ్చే ఉద్యోగం. సన్నటి పిల్ల, మైనస్ పవర్ బాగా ఎక్కువ, చష్మా తీస్తే ఎదుటి మనిషి మొహం ఆనదు.

పరదా వెనక కూర్చోగానే గబగబా చెప్పేసింది. "ఆంటీ, గాడీ మీద పోతుంటె ఆవిరి పడ్తుంది. ఇండ్లళ్ళకు పోతె సుత పడ్తుంది. మొన్న బంజారా హిల్స్‌ల ఒక ముసలి దాదీమాకు రెండుసార్లు గుచ్చిన. చెయ్యంత నీలం అయింది. ఆళ్ళ కొడుకు మా మేనేజర్‌కు ఫోన్ చేసి, కండ్లు కనపడని పిల్లను పంపిస్తరా అన్నడు. ఇంకొక్క కంప్లైంట్ వస్తె రావొద్దు అన్నడు మేనేజర్."

"వేరే పని ఏమన్న ఇయ్యరా లోపల?" అన్నాను.

"ఇయ్యరు ఆంటీ. ఇచ్చినా నాకొద్దు. నాకు గీ పనే మస్తు ఇష్టం. నరం దొరకదని అందరు ఇడిచిపెట్టిన ముసలోళ్ళకు సుత నేను ఒక్కసారికే తీస్త. అడుగుండ్రి ఎవర్నన్న."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో గర్వం ఉంది, ఏడుపూ ఉంది. తమ పనిని అంతగా ప్రేమించే మనుషులను నేను ఎక్కువమందిని చూడలేదు. ఎలాగైనా ఈ పిల్ల పని నిలబెట్టాలి అనుకున్నాను.

అంతకుముందే సేటు ఆమెకు స్ప్రే అమ్మి ఉన్నాడు. అది రోడ్డు మీద సగం దూరం కూడా ఆగడం లేదట. నేను నా పద్ధతి ప్రకారం చేశాను. నఖాబ్ కట్టించి, హెల్మెట్ పెట్టించి, ప్యాడ్లు సరిచేశాను. మా ఆయన తీగ కుట్టాడు. హెల్మెట్ అద్దం వేలెడు తెరిచి ఉంచుకోమన్నాను. దుకాణం ముందు స్కూటీ మీద కూర్చోబెట్టి గట్టిగా ఊపిరి వదలమంటే, చష్మా నీళ్ళలా తేటగా ఉంది. షాహీన్ నా చేతులు పట్టుకుని ఊపింది. సేటు కూడా కుర్చీలోంచి లేచొచ్చి, "షాబాష్" అన్నాడు.

ఇల్లలకగానే పండగా? నాలుగు రోజులకే తిరిగొచ్చింది.

"రోడ్డు మీద ఏం లేదు ఆంటీ, ఫస్ట్ క్లాస్. ఇంట్లకు పోతెనే మళ్ళ తెల్లగైతుంది. ఇయ్యాల ఒకామె నా మొహం చూసి, నువ్వు ఆగమ్మా, ఇంకొకర్ని పంపమను అన్నది. కంప్లైంట్ చెయ్యలే. రేపు ఎవరన్న చేస్తరు."

ప్యాడ్లు మళ్ళీ చూశాను, తీగ మళ్ళీ నొక్కాను. తప్పేమీ కనపడలేదు. దుకాణంలో ఎన్నిసార్లు కట్టించినా ఆవిరి రాలేదు. సేటు దూరం నుంచే, "కొత్త కోటింగ్ అద్దాలు వేయించుకోమను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. బిర్యానీ దేగ్ అప్పుడే మర్చిపోయాడు. ఆయన మాటే ఆయనకు అప్పజెప్పాను. "గిరాకి ఏం చేస్తుండో చూడమన్నరు గద సార్? నేను ఇంకా చూడలే."

షాహీన్ వైపు తిరిగి, "రేపు పొద్దున మా ఇంటికి రా. నాకు ఎట్లాగు షుగర్ టెస్టు ఉంది. నా చేతికే గుచ్చు" అన్నాను.

నా చెయ్యి

నా చేతి నరాలు దాగుడుమూతలు ఆడతాయి. ఏ ల్యాబుకు పోయినా రక్తం తీసేవాళ్ళు నన్ను చూసి నిట్టూరుస్తారు. అందుకే రమ్మన్నాను. పరీక్ష పెడితే కష్టమైందే పెట్టాలి.

మర్నాడు పొద్దున బాగా చలి. మా ఇల్లు రెండో అంతస్తులో, చిన్నది. పొయ్యి మీద మా ఆయన స్నానానికి నీళ్ళు మరుగుతున్నాయి, పక్కన కుక్కర్ కూతలు పెడుతోంది. షాహీన్ గబగబా మెట్లెక్కి వచ్చి బెల్లు కొట్టింది. తలుపు తీశాను. లోపలికి అడుగుపెట్టి సలాం చెప్పి కూర్చుని, వెంటనే నా చేతికి రబ్బరు పట్టీ కట్టి సూది తీసింది. అప్పటికే ఆమె చష్మా పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది.

మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి, "గుచ్చు బిడ్డా, మా సుగుణకు నొప్పి తెల్వది. నోరే తెలుసు" అన్నాడు.

షాహీన్ నవ్వలేదు. సూది పక్కన పెట్టేసింది. పట్టీ విప్పేసింది.

"కనపడ్తలేదు ఆంటీ. కనపడకుండ నేను గుచ్చ. ఆ రోజు దాదీమా దగ్గర సుత ఆగుదామనుకున్న. ఆళ్ళు జల్దీ జల్దీ, చాయ్ తాగాలె అని మీద పడ్డరు. భయపడి గుచ్చిన. మళ్ళ గట్ల చెయ్య. నౌకరీ పోతె పోనీ."

అంత చిన్న పిల్ల, పోతే పోనీ అనడానికి ఎంత ఆలోచించి ఉంటుంది! ఆమె చష్మా నేనే తీసి పట్టుకున్నాను. పట్టుకోగానే చురుక్కుమంది. ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉంది. బయటి వైపు వేలితో గీశాను. గీత పడింది. లోపలి వైపు గీశాను. అక్కడా పడింది.

అప్పుడు తెలిసింది. రోడ్డు మీది ఆవిరి ఊపిరిది, దాన్ని మా తీగ ఆపింది. ఇది మా ఇంటిది. ఎర్రగడ్డ నుంచి చలిగాలిలో వచ్చిన అద్దం, నీళ్ళు మరుగుతున్న గదిలోకి అడుగుపెట్టింది. పొద్దున పూట ఏ ఇంట్లో పొయ్యి వెలగదు? ఆమె పోయే ప్రతి ఇల్లూ ఇలాగే ఉంటుంది. ఇది దుకాణంలో ఎప్పటికీ కనపడదు. దుకాణంలోకి వచ్చేసరికి ఎండ ఎక్కి ఉంటుంది, పైగా మా దగ్గర పొయ్యి లేదు.

"బిడ్డా, నువ్వు మళ్ళ బయటికి పో. మెట్ల మీద నిలబడు. చష్మా తీసి రెండు అరచేతుల మధ్య పెట్టుకో, బుర్ఖా లోపల, ఒంటికి ఆనించి. చేతికి చల్లగ తగుల్తున్నంతసేపు కదలకు. వెచ్చగైనంక తుడిచి, పెట్టుకొని, అప్పుడు బెల్లు కొట్టు."

"గంతసేపు బయట నిలబడితె ఆలస్యమైతది గద ఆంటీ?"

"లోపలికి వచ్చి గుడ్డిదాని లెక్క కూసుంటె ఆలస్యం కాదా?"

షాహీన్ బయటికి పోయింది. తలుపు వేశాను. మా ఆయన, "పిల్లను చలిల నిలబెట్టినవ్" అని నస మొదలుపెట్టాడు. పొయ్యి ఆర్పబోతే ఆర్పొద్దని గద్దించాను. ఏ ఇంటివాళ్ళూ ఆమె కోసం పొయ్యి ఆర్పరు.

బెల్లు మోగింది. తీశాను. షాహీన్ లోపలికి వచ్చి కూర్చుంది. నేను ఆమె కళ్ళనే చూస్తున్నాను. అద్దం వెనక రెండు కళ్ళు, తేటగా. ఒక మూల కొంచెం మసక వచ్చి, అదే పోయింది. ముందు రక్తం పట్టే సీసాల మీద నా పేరు రాయమన్నాను, వయసు అడగమన్నాను. ఆ మాటలయ్యేలోపు ఆ కాస్త మిగిలిందీ పోతుంది. తర్వాతే పట్టీ, ఆ తర్వాతే సూది. ఆమె నా మోచేతి మడతలో వేలితో నొక్కి వెతికింది. ఎవరికీ దొరకని నరం ఆమె వేలికి దొరికింది. చీమ కుట్టినంత. సీసాలో రక్తం నిండుతుంటే షాహీన్ నఖాబ్ వెనక నవ్వుతోందని ఆమె కళ్ళను చూస్తే తెలిసింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. సూది నొప్పికేమో అనుకుని మా ఆయన గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు.

మాస్కుల కాలం

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఊరందరికీ మాస్కులొచ్చాయి. చష్మా ఉన్న ప్రతివాడూ షాహీన్‌లాగే దుకాణానికి వచ్చాడు. పరదా వెనక ఆ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే నేను అందరికీ చెప్పాను. మాస్కు పై అంచు ముక్కుకు నొక్కండి, చష్మాను మాస్కు అంచు మీద కూర్చోబెట్టండి, ముందు వైపు నుంచి గాలి పోనివ్వండి. ఇంతకాలం ఈ బాధ వాళ్ళు పడుతుంటే పట్టించుకున్నవాళ్ళు లేరు. తమ దాకా వచ్చేసరికి అదే పెద్ద సమస్య అయింది. ఈ మాట కొందరికి చేదుగా ఉంటుంది. అయినా నిజం.

సేటు ఆ కాలంలో స్ప్రేలు బాగా అమ్మాడు. నేను ఆపలేదు. కానీ ప్రతి సీసాతో పాటు, "మీకు ఎప్పుడు పడుతుంది సార్?" అని అడిగి, జవాబు విన్నాకే ఇచ్చేదాన్ని. సగంమంది సీసా వద్దని వెళ్ళేవాళ్ళు. వాళ్ళే తర్వాత ఇంటిల్లిపాదినీ తీసుకుని వచ్చేవాళ్ళు. సేటుకు ఆ లెక్క అర్థమైందో లేదో నాకు తెలియదు, పైకి మాత్రం ఒప్పుకోలేదు.

తలుపు

షాహీన్ మీద మళ్ళీ కంప్లైంట్ రాలేదు. ఇప్పటికీ అదే సెంటర్, అదే పని. నరాలు దొరకని ముసలివాళ్ళ ఇళ్ళకు ఆమెనే పంపిస్తారు. ఇప్పుడు నేనూ ఆ లెక్కలోకే వచ్చాను కాబట్టి నా షుగర్ టెస్టుకు ఆమే వస్తుంది.

మౌనికను ఒక పొద్దున మా ఇంటికి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. ఇడ్లీ పెడతానంటే వచ్చింది. నాకు పరగడుపు కాబట్టి ఆమె తింటుంటే చూస్తూ కూర్చున్నాను. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. కింద స్కూటీ ఆగిన చప్పుడైంది. మెట్ల మీద అడుగులు పైదాకా వచ్చి, తలుపు దగ్గర ఆగిపోయాయి.

మౌనిక చెయ్యి కడుక్కుని లేచింది. "ఆంటీ, ఎవరో వచ్చినట్టున్నారు, తలుపు తియ్యనా?"

"ఆగు."

"బయటే నిలబడ్డారండీ."

"తెలుసు. కూసో."

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. ముసలావిడకు మతి తప్పిందనుకుందేమో. నేను చీర కొంగు సర్దుకుని, జాకెట్టు చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి బల్ల మీద పెట్టుకున్నాను. తలుపుకు అవతల ఒక మనిషి రెండు అరచేతుల మధ్య అద్దాన్ని దాచుకుని, అది వెచ్చబడేదాకా ఓపిగ్గా నిలబడి ఉంది. ఇవతల మేము అంతే ఓపిగ్గా కూర్చున్నాం. కుక్కర్ ఒక కూత వేసింది.

బెల్లు మోగింది.

"ఇప్పుడు తియ్యి" అన్నాను.